మానై వంగినవారు

“మొక్కై వంగనిది మానై వంగునా” యని మన పెద్దలు తఱచుగా ననుచుందురు. పిల్లలకు బుద్ధి చెప్పుటకిది మంచి మాటయే. కాని “ఈ వయసున మాకు విద్య యేల?” యని తలిదండ్రులు దాని చాటున దాగుట మాకు సమ్మతము గాదు. ఇందులకు దూరదేశపు నిదర్శన మొకటి చూపెదము.

ఉత్తర అమెరికాలోని అలాస్కాలో చలికాలమున నదులు సైతము గడ్డకట్టును. అచ్చటివారు చక్రములు లేక మంచుపై జారెడు బండ్లకు కుక్కలను కట్టి పయనింతురు. 1925లో నోమ్ పట్టణమున డిఫ్తీరియా వ్యాధి పొడసూపగా, ఇరువదిమంది బండివాండ్రు ఒకరినుండి యొకరు అందుకొనుచు, 674 మైళ్ళు ఐదున్నర దినములలో దాటి మందును చేర్చిరి. ఆ నోమ్ గమ్యముగా 1973 మొదలుకొని సుమారు వేయి మైళ్ళ ఇడిటరోడ్ పందెము జరుగుచున్నది.

ఇది యువకుల పందెమని తలంపరాదు. 1905లో పుట్టిన నార్మన్ వాన్ అనునాతడు డెబ్బదేండ్లకు చేరువైన పిమ్మటనే ఈ పందెపు బాట పట్టెను. పూనిన ప్రతిసారియు గమ్యము చేరలేదు, అయినను విడువలేదు. 1990లో ఎనుబదినాలుగేండ్ల ప్రాయమున నోమ్ చేరెను. పందెమును నెలకొల్పినవారిలో ముఖ్యుడగు జో రెడింగ్టన్ సైతము 1997లో ఎనుబదేండ్లవాడై దానిని ముగించెను.

“వాన్ యౌవనముననే, 1928లో బయలుదేరిన బర్డ్ దక్షిణధ్రువ యాత్రలో, కుక్కలబండి తోలినవాడు గదా!” యని కొందఱు ఆక్షేపింపవచ్చును. నిజమే. చిన్ననాడు నేర్చినది వృథాపోదనుటకు అదియే సాక్ష్యము, విద్యార్థులు గమనింతురుగాక. కాని దూరపు పందెము వేఱొక విద్య. ఈ బండికి పగ్గములు లేవు. ‘జీ’ యన్న కుడికి, ‘హా’ యన్న ఎడమకు కుక్కలు మాటనుబట్టి తిరుగును. తోలువాడు వాని పాదములకు గుడ్డజోళ్ళు తొడిగి, పుండ్లు పరీక్షించి, మేత పెట్టిన పిదపనే తాను నడుము వాల్పవలెను. ఒకచోట ఇరువదినాలుగు గంటలు విధిగా ఆగవలెను. ఇన్ని కట్టుబాట్లున్నను పందెమున కుక్కలు మరణించిన సందర్భములు కలవు. మన పట్టుదల మూగజీవములకు శిక్ష కారాదని నిరసించువారి మాటయు త్రోసిపుచ్చరానిది. కావున ఇచట వలసినది కండబలము మాత్రమే గాదు. కనిపెట్టి చూచు నోర్పు. అది వయసుతో తఱుగునది కాదు.

మేము ఆంధ్రప్రదేశమున శిక్షణము పొంది ఒడిశాకు వచ్చినవారము. నలువది దాటిన పిదప ఒడియా అక్షరములను మా విద్యార్థులయొద్దనే నేర్చితిమి. మా వ్రాత చూచి వారు నవ్విరి. సిగ్గుపడితిమి, మరల వ్రాసితిమి.

ఇంట తెలుగు మాటాడుచు, ఒడియా మాత్రమే చదువనేర్చిన తలిదండ్రులు మనలో పెక్కురు. బిడ్డ తెలుగు వాచకము తెఱచినపుడు వారు ప్రక్కకు తప్పుకొందురు. అయ్యలారా, అమ్మలారా, అట్లు తప్పుకొనవలదు. దినమునకు గడియసేపు బిడ్డ చెంత గూర్చుండి అక్షరములు దిద్దుడు. మీ తప్పును బిడ్డ సవరించిన కోపింపకుడు. వేయి మైళ్ళ బాటయైనను మజిలీ మజిలీగా సాగునదే. మాను సైతము వంగును; వంగుటకు మనసుండవలెను.