ఆక్సలాటిల్‌కు తోడు వలయునా?
సముద్రమట్టమునకు రెండువేల మీటర్ల పైయెత్తున, మెక్సికోలోని షోచిమిల్కో కాలువల చల్లని నీట పుట్టిన ఆక్సలాటిల్ అను ఉభయచరమును, వేసవిలో 40 డిగ్రీలు దాటు మార్కాపురము, గిద్దలూరు సీమలో పెంచుచున్నవారు, దానికి తోడుగా మరొకదానిని తేవలదని నా దృఢాభిప్రాయము. ఏలయన, ఏకాంతజీవియగు ఆ ప్రాణికి తోడు లేని కొరత మన ఊహయే. 16 నుండి 18 డిగ్రీల నడుమ ఒక్కదాని నీటిని నిలుపుటయే విద్యుత్తు ఆగిన మధ్యాహ్నమున దుష్కరము. రెండవది చేరినచో మాలిన్యమును హెచ్చును. ఇదివరకే తెచ్చియున్నచో, క్రొత్తదానిని నెలదినములకు తక్కువ గాకుండ వేరు తొట్టిలో నుంచి, రోగము లేదని తెలిసినపిమ్మట, పరిమాణమున సమానమైననే కలుపవలయును. చూపు మందమై, కదలినదెల్ల ఆహారమని నోట పట్టు పెద్దది చిన్నదాని కాలినో మొప్పలనో కొరుకును. తెగిన కాలు మరల మొలచుట సత్యమే, కాని ఆ యద్భుతశక్తిని నమ్మి ఆ ప్రాణిని గాయమునకు ఒప్పగించుట నాకు సమ్మతము గాదు. పెంచజాలక ఈ సీమలోని కంభము చెరువున విడుచుట మరింత ఘోరము: ఆ వెచ్చని నీట అది నశించుటయే గాక, దాని రోగములు అచటి కప్పలకు సంక్రమింపవచ్చును.