బ్యాగులో స్ప్రే ఉంటే చాలా?

మహిళపై ఘోరం జరిగి పత్రికల మొదటి పేజీకెక్కిన ప్రతిసారీ పెప్పర్ స్ప్రేలకు గిరాకీ పెరుగుతుంది. 2012 డిసెంబరులో ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత అదే జరిగింది. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిపై అఘాయిత్యం తర్వాతా అదే జరిగింది. ఆ మరుసటి నెలలోనే మహిళలు పెప్పర్ స్ప్రే వెంట తెచ్చుకోవడానికి హైదరాబాద్ మెట్రో అనుమతించింది. అంతకుముందు 2014 జనవరిలో కాన్పూర్ ఆయుధ కర్మాగారం ఆడవాళ్ల కోసమంటూ ‘నిర్భీక్’ పేరుతో అర కిలో బరువుండే రివాల్వర్‌నే మార్కెట్లోకి తెచ్చింది. అప్పట్లో దాని ధర లక్షా ఇరవై వేల రూపాయల పైమాటే. ఈ కొనుగోళ్ల వెనకున్న భయం నిజమైనది, దాన్ని తీసిపారేయడానికి లేదు. కూతురు హాస్టల్‌కు వెళ్తుంటే ఓ స్ప్రే డబ్బా కొని చేతిలో పెట్టడంలో తప్పేమీ లేదు. తప్పల్లా దాంతో పని అయిపోయిందనుకోవడంలోనే ఉంది. డబ్బయినా, సమయమయినా ముందు పెట్టాల్సింది శిక్షణ మీద. ఏ వస్తువు కొనాలన్నది ఆ తర్వాతి ప్రశ్న. ఆ శిక్షణ కూడా ఇటుకలు పగలగొట్టడంతో కాకుండా, ప్రమాదాన్ని పసిగట్టి గట్టిగా ‘వద్దు’ అనడంతో మొదలవ్వాలి.

ముందు ఆ డబ్బా సంగతే చూద్దాం. అందులో ఉండేది మిరపకాయల నుంచి తీసిన, క్యాప్సైసిన్ ఉన్న చిక్కటి నూనె. కళ్లలో పడితే రెప్పలు వాటంతటవే మూసుకుపోతాయి, దగ్గు తెరలు తెరలుగా వస్తుంది, ఊపిరాడనట్టు అవుతుంది. మన దేశంలో దీనికి లైసెన్సు అక్కర్లేదు. పనిచేసే సరుకే, సందేహం లేదు. అయితే పనిచేయాలంటే వరసగా కొన్ని జరగాలి. డబ్బా చేతికి అందాలి. మూత మీది లాక్ పక్కకు తిరగాలి. నాజిల్ అవతలివాడి వైపుందో, మన వైపుందో చూడకుండానే వేలికి తెలియాలి. అవతలివాడు రెండు మూడు మీటర్ల లోపు ఉండాలి, గాలి మన మొహం మీదికి కొట్టకూడదు. టిఫిన్ బాక్సు, గొడుగు, ఛార్జరు కింద ఎక్కడో అడుగున పడి ఉన్న డబ్బాతో ఇవన్నీ రెండు మూడు సెకన్లలో అయ్యే పనులు కావు. దాని మీద గడువు తేదీ కూడా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి గ్యాసు ఒత్తిడి తగ్గి, ధారగా దూసుకెళ్లాల్సిన ద్రవం మూతి దగ్గరే కారిపోతుంది. కొన్న రోజే ఆరుబయట గాలివాటం చూసుకుని ఒక్కసారి నొక్కి చూస్తే సగం సందేహాలు తీరతాయి. ఆ మాత్రం చేసేవాళ్లు అరుదు.

పైగా మూసి ఉన్న చోట స్ప్రేకు తనా మనా తేడా ఉండదు. ఈ సంగతి తెలుగువాళ్లకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో రాష్ట్ర విభజన బిల్లు వచ్చిన వేళ విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే కొట్టారు. ఆత్మరక్షణ కోసమే అలా చేశానని తర్వాత చెప్పుకొన్నారు. ఆ చర్చ మన వ్యాసానికి అనవసరం. చూడాల్సింది దాని ఫలితాన్ని. ఏ పార్టీ, ఏ ప్రాంతం అన్న తేడా లేకుండా సభ్యులు దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చేశారు. కొందరిని ఆసుపత్రికి తరలించారు. అంత ఎత్తయిన పైకప్పున్న హాల్లోనే అలా అయితే లిఫ్టులోనో, కారు వెనక సీట్లోనో కొట్టినవారి పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు. కొట్టడమెలాగో ఒక్కటే తెలిస్తే చాలదు. కొట్టిన మరుక్షణం ఊపిరి బిగబట్టి ఎటు పరుగెత్తాలో కూడా ముందే తెలిసి ఉండాలి.

మిగతా వస్తువులదీ ఇదే కథ. స్టన్ గన్ల పెట్టెల మీద లక్షల వోల్టులని అచ్చేస్తారు గానీ, అవి పనిచేయాలంటే అవతలివాడి ఒంటికి ఆనించి పట్టుకోవాలి. అంటే ఎవరికి దూరంగా పోవాలనుకుంటున్నామో వాడి చేతికి చిక్కేంత దగ్గరికి మనమే వెళ్లాలి. తాళంచెవులు వేళ్ల సందున పెట్టుకుని గుద్దమని వాట్సాప్‌లో తిరిగే సలహా పాటిస్తే ముందు నలిగేది మన వేళ్లే. చాకు బయటికి తీశాక అది ఎవరి చేతిలో మిగులుతుందో చెప్పలేం. ఈ వరసలో అందరూ చిన్నచూపు చూసేది ఈల. చవకైనది, గడువు తీరదు, మెడలో వేలాడుతుంది, గురిచూడాల్సిన పని లేదు, గొంతు పెగలనప్పుడు గొంతవుతుంది. ఏ వస్తువునైనా మూడు ప్రశ్నలతో తూచుకోవచ్చు. తడుముకోకుండా చేతికి అందుతుందా? వణుకుతున్న చేతితో వాడగలనా? అవతలివాడు లాక్కుంటే నాకు ఎంత ప్రమాదం? మొదటి రెండింటికీ జవాబు సాధన చేస్తే తప్ప తెలియదు. యుద్ధకాలంలో శస్త్రాభ్యాసమని పెద్దలు ఎద్దేవా చేసింది ఇలాంటి తయారీనే.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. చీకటి సందులో ఎదురుపడే ముక్కూమొహం తెలియని మనిషిని ఊహించుకుని మనం స్ప్రే కొంటాం. జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు చెప్పేది వేరు. మన దేశంలో నమోదవుతున్న అత్యాచార కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లే. బంధువు, పొరుగింటివాడు, స్నేహితుడు, యజమాని, పెళ్లి చేసుకుంటానని నమ్మించినవాడు. 2022లో మహిళలపై నేరాల కింద నమోదైన కేసుల్లో అన్నిటికన్నా ఎక్కువ, దాదాపు 31 శాతం, భర్త లేదా అత్తింటివారి క్రూరత్వానికి సంబంధించినవి. ట్యూషన్ చెప్పే మాస్టారి మీదో, వరసకు బావయ్యేవాడి మీదో స్ప్రే కొట్టడానికి ఏ అమ్మాయి చేయీ అంత తేలిగ్గా లేవదు. అక్కడ అడ్డుపడేది బలం లేకపోవడం కాదు. మొహమాటం, మర్యాద, ‘నేనే పొరబడ్డానేమో’ అన్న అనుమానం, నలుగురూ ఏమనుకుంటారోనన్న జంకు. వాటికి ఏ దుకాణంలోనూ మందు దొరకదు. పదిమందిలో నోరు తెరిచి, అన్న మాటే మళ్లీ అని, అలవాటు చేసుకుంటేనే అవి వదులుతాయి.

దీనికి గట్టి ఆధారమే ఉంది. కెనడా పరిశోధకురాలు షార్లీన్ సెన్ బృందం మూడు విశ్వవిద్యాలయాల్లో మొదటి సంవత్సరం చదివే 893 మంది విద్యార్థినులను లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసింది. ఒక జట్టుకు కరపత్రాలిచ్చి సరిపెట్టారు. రెండో జట్టుకు నాలుగు విడతల్లో 12 గంటల శిక్షణ ఇచ్చారు. తెలిసినవాళ్ల నుంచి వచ్చే ముప్పును ముందే గుర్తించడం, ఆ మనిషి మీది అభిమానం మనల్ని ఎలా తటపటాయించేలా చేస్తుందో ఒప్పుకోవడం, మాటతోనూ చేతితోనూ ఎదుర్కోవడం అందులోని పాఠాలు. దెబ్బలూ విడిపించుకునే పట్లూ అందులో ఒక భాగం మాత్రమే. 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఏడాదిలో కరపత్రాల జట్టులో 9.8 శాతం మంది అత్యాచారానికి గురైతే శిక్షణ పొందినవారిలో అది 5.2 శాతం. అత్యాచార యత్నాలైతే 9.3 నుంచి 3.4 శాతానికి తగ్గాయి. కెనడా హాస్టళ్లు వేరు, మన హాస్టళ్లు వేరు, నిజమే. ఆ అంకెలు ఇక్కడ యథాతథంగా వస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ తెలిసిన మనిషే ప్రమాదకారి అన్న పరిస్థితి రెండు చోట్లా ఒకటే. ఇంత నిక్కచ్చి పరీక్షకు నిలిచి, దాడులను ఇంతగా తగ్గించిందని తేలిన స్ప్రే డబ్బా ఏదీ నాకు కనిపించలేదు.

శిక్షణ ఎందుకు పనిచేస్తుందో శరీరం తీరు చూస్తే అర్థమవుతుంది. స్టాక్‌హోమ్‌లో అత్యాచార బాధితుల అత్యవసర వైద్యశాలకు వచ్చిన 298 మంది మహిళలపై 2017లో వెలువడిన అధ్యయనంలో, దాడి జరుగుతున్నప్పుడు కాళ్లూ చేతులూ కదలకుండా బిగుసుకుపోయామని 70 శాతం మంది చెప్పారు. ఇది పిరికితనం కాదు, ఒప్పుకోవడం అంతకన్నా కాదు. భయం తారస్థాయికి చేరితే శరీరం అలా స్తంభించిపోతుంది. ‘ఎందుకు అరవలేదు?’ అని అడిగే పోలీసులూ, వకీళ్లూ, బంధువులూ ఈ సంగతి తెలుసుకోవాలి. బిగుసుకుపోయే క్షణంలో బుర్ర కొత్తగా ఉపాయం కనిపెట్టదు. ముందే అలవాటైన పని ఏదైనా ఉంటే అది చేయగలిగే అవకాశం మాత్రం ఉంటుంది. మణికట్టు పట్టునే తీసుకోండి. ఎంత బలవంతుడి పిడికిలికైనా బొటనవేలు, మిగతా వేళ్ల కొసలు కలిసే చోట సందు ఉంటుంది. మోచేతిని దగ్గరికి తెచ్చుకుని, మణికట్టును ఆ సందు వైపు తిప్పి, ఒంటి బరువంతా వేసి ఒక్క గుంజు గుంజితే చేయి బయటికి వస్తుంది. చదివితే ఇది అరనిమిషం పాఠం. చేతికి పట్టుబడాలంటే మాత్రం నిజంగా గట్టిగా పట్టుకునే ఒక మనిషితో, పదేపదే, అరుస్తూ సాధన చేయాలి.

అందుకే శిక్షణ ఎంచుకునేటప్పుడూ కళ్లు తెరుచుకుని చూడాలి. కరాటే, తైక్వాండో, జూడో మంచి విద్యలే. ఒంటికి పట్టునూ మనసుకు ధైర్యాన్నీ ఇస్తాయి. కానీ వాటి బెల్టులకు ఏళ్లు పడతాయి, వాటి పోటీలకు నియమాలూ రిఫరీలూ ఉంటారు. ఆత్మరక్షణ తరగతిలో అడగాల్సిన ప్రశ్నలు వేరు. తెలిసినవాడు హద్దు మీరితే ఏం చేయాలో ఇక్కడ మాట్లాడతారా? గొంతెత్తడం నేర్పుతారా? కొట్టడం కన్నా తప్పించుకుని పారిపోవడమే గెలుపని చెబుతారా? కొన్ని నెలలకోసారి మళ్లీ సాధన చేయిస్తారా? ‘ఒక్కరోజులో మిమ్మల్ని ఎవరూ తాకలేరు’ అని ఫ్లెక్సీ కట్టినవాళ్లకు దూరంగా ఉండటం మేలు. ప్రభుత్వ పరంగానూ పునాది లేకపోలేదు. సమగ్ర శిక్ష కింద రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్ష ప్రశిక్షణ్ పేరుతో ప్రభుత్వ పాఠశాలల్లో 6 నుంచి 12వ తరగతి బాలికలకు మూడు నెలల శిక్షణ ఉంది. తాళంచెవుల గొలుసు, చున్నీ, బ్యాగు, పెన్ను, నోటుపుస్తకం వంటి చేతిలో ఉన్న వస్తువులనే అవసరానికి వాడుకోవడం అందులో భాగం. ఆలోచన సరైనదే. లోటు ఎక్కడంటే, మూడు నెలలు కాగానే అది ఆగిపోతుంది. ఏడాదంతా వారానికో పీరియడ్‌గా సాగితేనే నేర్చింది ఒంటికి పడుతుంది.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బరువైనది ఒకటి. నేరం చేసేది మగవాడైతే జాగ్రత్త పడే భారం ఆడపిల్ల మీద ఎందుకు? మగపిల్లలను సరిగ్గా పెంచాలి, వీధి దీపాలు వెలగాలి, కేసులు త్వరగా తేలాలి, శిక్షలు పడాలి. ఇందులో ఒక్క మాటా కాదనలేం. 2014లో హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్స్ వంటివి ఆ బాధ్యతలో ప్రభుత్వ భాగమే. అయితే మార్పు వచ్చేదాకా ఈ సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడవాల్సిన అమ్మాయికి మనం ఇచ్చేదేమిటి? శిక్షణ తీసుకోనివాళ్లదే తప్పనే వాదన పుట్టుకొస్తే దాన్ని నిర్ద్వంద్వంగా ఖండించాలి. కెనడా శిక్షణలో తేలినదేమంటే, బాధితురాలినే నిందించే ధోరణి పాల్గొన్నవారిలో తగ్గింది. సరిగ్గా నేర్పిన ఆత్మరక్షణ తప్పు ఎవరిదో స్పష్టం చేస్తుంది. ‘అక్కడికి వెళ్లకు, ఇది వేసుకోకు, చీకటి పడకముందే వచ్చెయ్’ అనే సలహాలతో పోలిస్తే ఇది అమ్మాయి తిరిగే చోటును కుదించదు, పెంచుతుంది.

ఎదురు తిరిగితే ఇంకా ఎక్కువ కొడతారన్నది రెండో భయం. అమెరికాలో బాధితుల సర్వేలను విశ్లేషించిన పరిశోధకులు చూసిందేమంటే, గాయాలు ఎక్కువగా ప్రతిఘటనకు ముందే అయ్యాయి. ప్రతిఘటన అత్యాచారం పూర్తికాకుండా ఆపే అవకాశాన్ని పెంచింది. అలాగని ప్రతి సందర్భంలోనూ తలపడాలని కాదు. మెడలో గొలుసు, చేతిలో ఫోను కోసం వచ్చినవాడికి వాటిని వదిలేయడమే ఆత్మరక్షణ. బైక్ మీద గుంజేవాడితో పెనుగులాడితే రోడ్డు మీద ఈడ్చుకుపోతాడు. వస్తువు కోసం వచ్చాడా, మనిషి కోసం వచ్చాడా అని గుర్తించడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. చట్టం గురించిన భయానికీ జవాబుంది. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును గుర్తిస్తాయి. అత్యాచారం, యాసిడ్ దాడి వంటి ముప్పు ఎదురైతే దాడి చేసినవాడి ప్రాణం పోయినా ఆ హక్కు వర్తిస్తుందని 38వ సెక్షన్ చెబుతోంది. అవసరానికి మించి హాని చేయకూడదన్న హద్దూ పక్కనే ఉంది. వాడు పడిపోయాక కొట్టడం, పారిపోతుంటే వెంటపడి కొట్టడం ఆత్మరక్షణ కిందకు రాదు. స్ప్రే అమ్మే పెట్టె మీద ఈ హద్దు ఎవరూ అచ్చేయరు. తరగతిలో ఇదీ ఒక పాఠం కావాలి.

కాబట్టి కొనవద్దని ఎవరికీ చెప్పడం లేదు, వరస మార్చమనే అడుగుతున్నాం. మొదట మంచి తరగతిలో కొన్ని గంటలు. ఆ తర్వాత పైసా ఖర్చులేని ఏర్పాట్లు: ఫోన్లో 112 అత్యవసర కాల్ ఎలా పోతుందో చూసుకుని ఉంచడం, ఆంధ్రప్రదేశ్‌లో శక్తి యాప్, ఇంట్లో హింసకు 181 హెల్ప్‌లైన్. చివరగా, చేతికి అలవాటైన ఒక్క వస్తువు. ఇది వ్యక్తులకు వదిలేసే పని కూడా కాదు. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం సంస్థలు అవగాహన సదస్సులు ఎలాగూ జరపాలి. ఏడాదికోసారి స్లైడ్లు చూపించి సంతకాలు తీసుకునే బదులు ఆ సమయాన్నే నాలుగు విడతల శిక్షణగా మార్చవచ్చు. కాలేజీలు ఫ్రెషర్స్ వారంలోనే దీన్ని మొదలుపెట్టవచ్చు. మహిళా దినోత్సవం రోజు స్ప్రే డబ్బాలు పంచి ఫొటో దిగే నాయకులు, అదే డబ్బుతో తమ నియోజకవర్గంలోని ఒక్క జూనియర్ కాలేజీకి ఏడాదిపాటు ఒక శిక్షకురాలిని పెట్టించవచ్చు. ఫొటోకు అంత బాగోదేమో గానీ, ఆ కాలేజీ ఆడపిల్లలకు నిజంగా పనికొచ్చే ఖర్చు అదే.