ఫీజు వేరు, కమీషన్ వేరు
బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు సరుకు తెచ్చే రైతుల్లో పలువురికి ఫీజు, కమీషన్ అనే ఇంగ్లీషు మాటలు ఒక్కటిగానే వినిపిస్తాయి. రెండూ కోతలే కదా అనుకుంటారు. అది పొరపాటు.

ఫీజు మార్కెట్ కమిటీకి చెందేది. 1966 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం ప్రకారం దానిని కొన్నవారే చెల్లించాలి. కొన్నదెవరో తేలనప్పుడే అమ్మినవారిపై పడుతుంది. కమీషన్ అలా కాదు. సరుకు అమ్మిపెట్టినందుకు ఏజెంటు పుచ్చుకునే ప్రతిఫలమది.

ఈ తేడా తెలియని రైతు, ఎదుటివారు కట్టవలసిన పైకం తన సొమ్ములోంచి పోయినా గుర్తించలేడు. కనుక తక్‌పట్టీలో ప్రతి కోతనూ పేరు పెట్టి విడివిడిగా రాయాలి. ఏది ఎవరు చెల్లించాలో ప్రతి యార్డులోనూ తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు ఉండాలి. రైతులు కూడా చీటీ చదివించుకోనిదే ఇంటిదారి పట్టరాదు.