మా హెడ్మాస్టరు గారు సెల్ఫ్ అప్రైజల్ రాయరు

మనందరికీ ఏడాదికోసారి తప్పని తద్దినం ఒకటుంది కదా, సెల్ఫ్ అప్రైజల్ అని. చేసినదానికి రెండింతలు రాసుకున్నవాడికి మంచి రేటింగు. రాత్రంతా మేలుకుని సర్వర్ పడిపోకుండా చూసినవాడికి మామూలు రేటింగు. బడిపంతుళ్ళకీ ఇప్పుడు ఇదే పద్ధతి!

జాతీయ ఉపాధ్యాయ అవార్డులు 1958 నుంచి ఇస్తున్నారు. ఒకప్పుడు ఏటా మూడొందలకు పైనే ఇచ్చేవాళ్ళు. 2018లో రూల్సు మార్చి, ఆ ఏడు 45 మందికే ఇచ్చారు. అప్పట్నుంచి టీచర్లు, హెడ్మాస్టర్లు ఎవరికి వారే వెబ్‌సైట్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఫొటోలు, వీడియోలు జతచేసి. పైరవీలు తగ్గుతాయి, మంచిదే, కాదనను. కానీ మా హెడ్మాస్టరు గారి లాంటివాళ్ళు తమ గురించి తాము రాసుకుంటారా?

నేను చదివింది పల్లెటూరి జడ్పీ హైస్కూల్లో. లెక్కల పోస్టు ఖాళీగా ఉంటే ఫస్ట్ బెల్లుకి గంట ముందే వచ్చి ఆయనే చెప్పేవారు. పత్తి తీతలు మొదలవగానే మా క్లాసు అమ్మాయిలు నలుగురు బడి మానేశారు. ఈయన సాయంత్రాలు వాళ్ళ ఇళ్ళ అరుగుల మీద కూర్చుని, "నామినల్ రోల్స్‌లో పేరు పంపేశానమ్మా, ఇప్పుడు తీసేస్తే పెద్ద తలనొప్పి" అని అబద్ధం ఆడేవారు (అప్పటికి పంపనే లేదుట!). సర్కారు కాగితమంటే ఊళ్ళో ఉండే భయం ఆయనకి తెలుసు. నలుగురూ పరీక్ష రాశారు. ఒకమ్మాయి ఇప్పుడు స్టాఫ్ నర్సు. దీనికి ఫొటో ఎక్కడ తెచ్చి అప్‌లోడ్ చేస్తాం?

ఇంకో తమాషా. చదువు రాని పిల్లల్ని "ఈ ఏడాదికి ఆగరా" అనకుండా అందర్నీ పరీక్షకి కూర్చోబెట్టారు కాబట్టి, ఆ ఏడు మా బడి ఉత్తీర్ణత శాతం పడిపోయింది. పైనుంచి ఆయనకి మెమో వచ్చిందని చాలాకాలం తర్వాత తెలిసింది.

నన్నడిగితే అసలు కొలత వేరే ఉంది. ఆరో క్లాసులో చేరినవాళ్ళలో ఎంతమంది పది రాశారు? 2022-23 నుంచి యూడైస్ ప్లస్‌లో ఒక్కో విద్యార్థి వివరం విడిగా ఎక్కిస్తున్నారు కాబట్టి, ముందుముందు ఇది తేల్చడం బ్రహ్మవిద్యేం కాదు. వేరే బళ్ళకి మారినవాళ్ళనీ, వలస పోయినవాళ్ళనీ జాగ్రత్తగా చూసుకోవాలి, అంతే. దాంతోపాటు పాత విద్యార్థులకీ, తల్లిదండ్రులకీ పేరు పంపే అవకాశం ఇవ్వాలి. ఎలాగూ ఆయన పంపుకోరు.

ఆయన వచ్చే ఏడాది రిటైరవుతున్నారు, వేరే మండలంలో. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో శాలువానా, మెమెంటోనా అని వారం రోజులుగా చర్చ. నేను ఫోన్ చేసి "మాస్టారూ, వివరాలన్నీ ఇవ్వండి, అవార్డుకి మేం నింపుతాం" అన్నాను.

"అదంతా ఎందుగ్గానీ, మా ఫిజికల్ సైన్స్ మాస్టారు డెప్యుటేషన్ మీద వెళ్ళాడురా. శనివారాలు వీడియోలో ఓ గంట పదో క్లాసుకి చెప్పగలవా?"

సరేనన్నాను. కటకాల పాఠం. నాకే సరిగ్గా గుర్తులేదు, టెక్స్ట్‌బుక్ డౌన్‌లోడ్ చేసుకుని కూర్చున్నా.