ఆకులే పూలైన ముంగిలి



“మొక్కలు పెడితే సంక్రాంతి వరకు బాగానే ఉంటాయమ్మా, ఎండలు ముదిరేసరికి ఒక్కటీ మిగలదు.” ఈ మాట పల్లెలలో ఏ ఇంటికి వెళ్ళినా వినబడుతుంది. ఊరిలోకి ఆటోలో మొక్కలు తెచ్చి అమ్ముతారు. గులాబీ, చామంతి నిండా పూసి ఉంటాయి గనుక ముచ్చటపడి కొంటారు. ఆ పూలు రాలాక మళ్ళీ మొగ్గ వేయదు. ఏప్రిల్ నాటికి కుండీ ఖాళీ. కొన్న డబ్బు పోయింది, ఇన్నాళ్ళు నీళ్ళు మోసిన కష్టమూ పోయింది.

అందుకే ఈ నెల పూలను కాస్త ప్రక్కన పెట్టి, ఆకుల రంగులతోనే ఇంటి ముంగిలిని దిద్దుకోవడము గూర్చి చెప్పుకుందాము. పువ్వు చుట్టము వంటిది, నాలుగు రోజులుండి వెళ్ళిపోతుంది. రంగుల ఆకు ఇంటి మనిషి వంటిది, పన్నెండు నెలలూ మనతోనే ఉంటుంది. పైగా వీటిలో చాలా మొక్కలకు డబ్బు పెట్టనక్కరలేదు. పొరుగింటివారు ఒక కొమ్మ తుంచి ఇస్తే చాలు, ఈ వానలలో ఇట్టే నాటుకుంటుంది.

ఎండను చూసి మొక్కను ఎంచండి

ఆకులోని పచ్చదనమే మొక్కకు వంట చేసి పెడుతుంది. ఎరుపు, పసుపు, ఊదా రంగులు ఆ పచ్చదనముతో కలిసి ఉంటాయి. తెల్లని మచ్చలున్న చోట పచ్చదనము ఉండదు గనుక తెలుపు ఎక్కువైన మొక్క నెమ్మదిగా పెరుగుతుంది. అటువంటి మొక్కలో ఎప్పుడైనా పూర్తి పచ్చని కొమ్మ ఒకటి వస్తే దానిని మొదట్లోనే కోసివేయాలి. లేకపోతే బలమంతా అదే తీసుకొని, కొన్నాళ్ళకు మొక్క అంతా పచ్చగా మారిపోతుంది.

క్రోటన్లకు, అకాలిఫాకు ఎండ కావాలి. ఎండలో ఎర్రగా, పసుపుగా మెరిసే క్రోటన్‌ను నీడలో పెడితే కొత్త ఆకులన్నీ పచ్చగా వస్తాయి. “మొక్క కొన్నప్పటి రంగు పోయింది” అని అనేవారు ముందుగా అది ఉన్న చోటు చూసుకోవాలి. కోలియస్‌కు ఉదయపు ఎండ మంచిది, మధ్యాహ్నపు ఎండ పనికిరాదు. గనుక తూర్పు వైపు అరుగు దానికి సరియైన చోటు. కలేడియం, అగ్లోనీమా, మనీ ప్లాంట్ వరండా నీడలో కూడ బాగుంటాయి. స్నేక్ ప్లాంట్ ఎక్కడ పెట్టినా సర్దుకుంటుంది.

తూర్పు గోదావరి జిల్లాలోని కడియం, కడియపులంక నర్సరీల నుండి మన రెండు రాష్ట్రాలకే గాక ఇతర రాష్ట్రాలకు కూడ మొక్కలు వెళ్తుంటాయి. నర్సరీలో చాలా మొక్కలను నీడ వలల క్రింద పెంచుతారు. అలాంటి మొక్కను తెచ్చిన రోజే మండుటెండలో పెట్టకూడదు. వారము పది రోజులు నీడలో ఉంచి, కొంచెము కొంచెముగా ఎండకు అలవాటు చేయాలి. చోటు మారినందుకు క్రోటన్ కొన్ని ఆకులు రాల్చినా భయపడి నీళ్ళు ఎక్కువ పోయవద్దు. అది కుదురుకొని మళ్ళీ చిగురు వేస్తుంది.

ఒకే కుండీలో మూడు మొక్కలు

కుటుంబమంతా ఫోటో తీయించుకునేటప్పుడు ఎలా నిలబడతారు? పొడుగువారు వెనుక, మధ్యవారు వారి ముందు, పిల్లలు క్రింద కూర్చుంటారు. కుండీ కూడ అంతే. నిటారుగా నిలిచే మొక్క ఒకటి, దాని మొదలు కప్పుతూ గుబురుగా పెరిగేది ఒకటి, అంచు మీదుగా క్రిందికి వేలాడేది ఒకటి. ఈ మూడు ఉంటే చిన్న కుండీ కూడ నిండుగా కనబడుతుంది.

రంగుల విషయములో మన ఆడవారికి ఎవరూ నేర్పనక్కరలేదు. నిండా పూలున్న చీర మీదికి నిండా పూలున్న రవిక ఎవరూ వేసుకోరు. అలాగే మచ్చలాకుల మొక్క ప్రక్కన మరొక మచ్చలాకుల మొక్క పెడితే రెండూ కనబడవు. మచ్చల క్రోటన్ ప్రక్కన ఒకే రంగు ఆకులుండే మొక్క కావాలి. మొక్కల వెనుకనున్న గోడను కూడ చూడండి. సున్నము కొట్టిన తెల్లగోడ ముందు ఎరుపు, ఊదా ఆకులు చక్కగా కనబడతాయి. మట్టిగోడ ముందు, చీకటి మూలలో అవి కలిసిపోతాయి. అక్కడ పసుపు, లేత ఆకుపచ్చ ఆకులు పెడితే ఆ మూలకే వెలుగు వస్తుంది.

అయితే రంగు కంటె ముఖ్యమైనది దాహము. ఒకే కుండీలో ఉండేవాటికి ఒకేలాంటి దాహము ఉండాలి. స్నేక్ ప్లాంట్‌ను, కోలియస్‌ను ఒకే కుండీలో పెట్టారనుకోండి. కోలియస్ కోసము రోజూ నీళ్ళు పోస్తే స్నేక్ ప్లాంట్ వేళ్ళు కుళ్ళుతాయి. స్నేక్ ప్లాంట్ కోసము నీళ్ళు ఆపితే కోలియస్ మధ్యాహ్నానికే తలవాలుస్తుంది. రెండూ మంచి మొక్కలే గాని ఒక కుండీలో కాపురము చేయలేవు.

తక్కువ నీటి కుండీకి మధ్యలో స్నేక్ ప్లాంట్, చుట్టూ రియో, అంచున ఊదారంగు కాడలతో ప్రాకే ట్రెడెస్కాంటియా పెట్టండి. రియో ఆకులు పైన పచ్చగా, అడుగున ఊదాగా ఉంటాయి. ఈ మూడూ రెండు మూడు రోజులు నీరు లేకున్నా ఓర్చుకుంటాయి. నీడలో ఉండే కుండీకి కలేడియం, కోలియస్, వేలాడేందుకు మనీ ప్లాంట్ సరిపోతాయి. వీటికి తడి ఆరకూడదు. కలేడియం చలికాలములో ఆకులు వాల్చి దుంపగా నిద్రపోతుంది. చచ్చిపోయిందని పారవేయకండి. పసుపు కొమ్ము వలె, చేమ దుంప వలె మళ్ళీ మొలుస్తుంది.

కోలియస్ కొసలను అప్పుడప్పుడు గిల్లుతుండాలి. పూలకంకి కనబడగానే తుంచివేయాలి. అప్పుడే గుబురుగా పెరుగుతుంది. ఆ తుంచిన కొసను మూడు నాలుగు అంగుళాల పొడవున గాజుగ్లాసు నీటిలో ఉంచితే రెండు వారాలలో వేళ్ళు వస్తాయి. పిల్లలకు చూపించండి, ఎంతో సంతోషిస్తారు.

కుండీలు, మట్టి

కొత్త కుండీలే కొనాలని లేదు. నూనె డబ్బా, పగిలిన కాగు, పాత బకెట్, సిమెంటు సంచి, ఏదైనా పనికివస్తుంది. అడుగున రంధ్రాలుండాలి, ఇదొక్కటి మరువరాదు. రంధ్రము మీద పెంకు ముక్క బోర్లించి, రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. నల్లరేగడి ఒక్కటే నింపితే తడిస్తే ముద్ద, ఎండితే రాయి అవుతుంది. ఇనుప డబ్బాలు ఎండకు కాలి వేళ్ళను మాడ్చుతాయి గనుక వాటిని నీడలోనే ఉంచండి. పురుగుమందుల డబ్బాలను మాత్రము ఎంత కడిగినా వాడవద్దు.

కుండీల క్రింద పళ్ళేలుంటే వారానికి ఒకసారైనా వంచి ఆరబెట్టండి. డెంగీ తెచ్చే దోమ ఆ కొంచెము నీటిలోనే గుడ్లు పెడుతుంది. ఆకుల క్రింద తెల్లని పిండినల్లి కనబడితే తడిగుడ్డతో తుడిచి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెము సబ్బు కలిపి సాయంత్రము పూట చల్లండి.

మొక్క కొనేముందు బిందెల లెక్క

ఈ నెల మేము ముఖ్యముగా చెప్పదలచిన మాట ఇది. ఇప్పుడు వానలు పడుతున్నాయి గనుక ఎన్ని కుండీలైనా పెట్టవచ్చుననిపిస్తుంది. గాని లెక్క మే నెలను బట్టి వేయాలి. ఎండాకాలములో పన్నెండు అంగుళాల మట్టి కుండీకి రోజుకు ఇంచుమించు లీటరు నీరైనా కావాలి. ఇరవై కుండీలంటే 20 లీటర్లు, అంటే నిండు బిందెకు పైమాటే. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే ఊరిలో, చేతిపంపు వీధి చివరనున్న ఊరిలో, ఆ అదనపు బిందె ఎవరు మోస్తారు? చాలా ఇండ్లలో తల్లి మోస్తుంది, లేదా బడి నుండి వచ్చిన ఆడపిల్ల మోస్తుంది. అందరూ చూసి మెచ్చుకునే ముంగిలి కోసము ఒక్కరి నడుము విరగడము న్యాయము కాదు.

కాబట్టి కుటుంబమంతా కూర్చొని ముందు అనుకోండి. మే నెలలో మొక్కలకు రోజుకు ఎన్ని నీళ్ళు ఇవ్వగలము? ఆ నీళ్ళు ఏ రోజు ఎవరు పోస్తారు? తండ్రి, కొడుకులు కూడ ఆ వంతులో ఉండాలి. ఆ లెక్క తేలిన తరువాతనే కుండీల లెక్క. అర బిందె మాత్రమే మిగిలే ఇంటికి ఆరేడు కుండీలు చాలు, వాటిలో ఎక్కువ స్నేక్ ప్లాంట్, రియో వంటివి ఉండాలి. ఇరవై ఎండిన కుండీల కంటె ఆరు పచ్చని కుండీలు ఇంటికి అందము.

బియ్యము, కూరగాయలు కడిగిన నీరు మొక్కలకు శ్రేష్ఠము. బట్టల సబ్బు నీరు, ఉప్పు బోరు నీరు కుండీలకు మంచివి కావు. ఉప్పు మట్టిలో పేరుకొని ఆకు కొసలు మాడతాయి. కుండీలను విడివిడిగా గాక దగ్గర దగ్గరగా చేర్చి, మట్టి మీద కొబ్బరి పీచు పరిస్తే తడి ఎక్కువసేపు నిలుస్తుంది.

పసిపిల్లలున్న ఇంట్లో జాగ్రత్త

పచ్చి చేమదుంప కొరికితే నోరు ఎలా దురదపెడుతుందో మనకు తెలుసు. కలేడియం, డైఫెన్‌బేకియా, అగ్లోనీమా, మనీ ప్లాంట్ అన్నీ ఆ చేమ కుటుంబానివే. వీటి ఆకులో, కాడలో కంటికి కనబడని సూదుల వంటి స్ఫటికాలుంటాయి. నమిలితే నోరు, నాలుక మండి వాస్తాయి. డైఫెన్‌బేకియా వలన బాధ మరీ ఎక్కువ. పాకే బిడ్డ ఉన్న ఇంట్లో ఈ మొక్కలను చేతికందని ఎత్తున పెట్టండి, లేదా బిడ్డ పెద్దయ్యేవరకు తెచ్చుకోవద్దు. ఒకవేళ నోట పెట్టుకుంటే నోటిలోని ముక్కలు తీసి, తడిగుడ్డతో తుడిచి, చల్లని నీరు కొంచెము కొంచెముగా త్రాగించండి. వాంతి చేయించవద్దు. వాపు పెరిగినా, మ్రింగడము గాని ఊపిరి గాని కష్టమైనా ఆ ఆకును కూడ తీసుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. క్రోటన్ పాలు చర్మానికి, కంటికి మంచివి కావు. కొమ్మలు కోశాక చేతులు కడుక్కోవాలి. కోసిన కొమ్మలను మేకలకు, దూడలకు అందేచోట పడవేయకండి.

కూరకు వచ్చే రంగులు

అందము కోసము ఒక్క చుక్క నీరు కూడ వృథా చేయలేమనే ఇల్లు ఉంటే, ఆ ఇంటికి ఎర్ర తోటకూర ఉన్నది. ఎరుపు, పసుపు, పచ్చ కలిసిన ఆకులతో పెరిగే తోటకూర రకానికి ఇంగ్లీషువారు యోసేపు అంగీ అని పేరు పెట్టారు. యాకోబు తన కుమారునికి కుట్టించిన రంగుల అంగీ గుర్తుకు వచ్చి అలా పిలిచి ఉంటారు. వెడల్పాటి తొట్టిలో గింజలు చల్లితే నెల తిరగకముందే కూరకు వస్తుంది. ప్రక్కన ఒక కర్ర పాతి ఎర్ర బచ్చలి ప్రాకిస్తే ఊదారంగు కాడలు, పచ్చని ఆకులు ఎంతో బాగుంటాయి. ప్రక్కనే వేరే కుండీలో వామాకు పెట్టండి. అది కోలియస్‌కు దగ్గర చుట్టము. తోటకూర, బచ్చలి నీరు కోరేవే గనుక ఒకే తొట్టిలో కలిసి ఉంటాయి, వామాకుకు తక్కువ నీరు చాలు. చూడడానికి అందము, పప్పులోకి కూర, పిల్లల జలుబుకు ఇంటి ఆకు, అన్నీ ఒక్క చోట.

క్రిస్మస్‌కు ఎర్రబడే మొక్క

డిసెంబరులో మన మందిరాలలో, ఇండ్లలో కనబడే పాయిన్‌సెట్టియా కూడ ఆకుల మొక్కే. ఎర్రగా విచ్చుకున్నవి పూలు కావు, కొసన ఉండే ఆకులు. అసలు పూలు మధ్యలో చిన్న పసుపు మొగ్గల వలె ఉంటాయి. ఇది మెక్సికో దేశపు మొక్క. 1825లో ఆ దేశానికి అమెరికా తొలి రాయబారిగా నియమింపబడిన జోయెల్ పాయిన్‌సెట్ దీనిని తన దేశానికి పంపినందున ఆ పేరు వచ్చింది. రాత్రులు పొడుగై చీకటి ఎక్కువసేపు ఉంటేనే దీని ఆకులు ఎర్రబడతాయి. గనుక అక్టోబరు మొదలుకొని దీనిని వీధి దీపము క్రింద గాని, రాత్రంతా వెలిగే వరండా బల్బు క్రింద గాని పెట్టవద్దు. వెలుతురు పడితే క్రిస్మస్ నాటికీ పచ్చగానే ఉండిపోతుంది. దీని కొమ్మ కూడ పాలు కారుతుంది, చేతులు కడుక్కోండి.

ఈ వానలు ఉండగానే పని మొదలుపెట్టండి. మీ దగ్గరున్న కోలియస్ కొసలు, రియో పిలకలు పొరుగువారికి ఇవ్వండి, వారి దగ్గర ఉన్నవి మీరు అడిగి తెచ్చుకోండి. ఇచ్చినందువలన మొక్కకు నష్టము లేదు, గిల్లిన చోట రెండు చిగుళ్ళు వస్తాయి. ఒక వేసవిలో మీది ఎండిపోయినా, మీరు ఇచ్చిన కొమ్మ పొరుగింట్లో బ్రతికి ఉంటుంది.