తాత తుపాకికి వార్నిష్ కొట్టించకండి

వేలూరు, గుడియాత్తం పక్క మనవాళ్ళ ఇళ్ళల్లో లైసెన్సు తుపాకులు ఇంకా కొన్ని మిగిలున్నాయి. పొలం కాపలాకని తాతల కాలంలో తీసుకున్న పన్నెండు బోరువి. ఈమధ్య వాటికొక తెగులు పట్టుకుంది. కట్టె పాతబడిందంటే చాలు, అంగడికి మోసుకుపోయి, మిషన్‌తో అరగదీయించి, అద్దంలా మెరిసే పీయూ కొట్టించి తెస్తున్నారు. వేలకి వేలు పోసి మరీ!

అది బాగుచేయడం కాదండీ, చెరపడం. మిషన్ పెడితే కట్టె ఇనుముకన్నా కిందికి దిగిపోతుంది, అంచులు గుండ్రమైపోతాయి, పట్టుకోసం చెక్కిన గళ్ళు మాసిపోతాయి. తాత చెంప ఆనించి ఆనించి నునుపెక్కిన చోటు ఏ పాలిష్‌తోనూ తిరిగి రాదు.

"నూనె నీళ్ళకి నిలవదు, పీయూ నిలుస్తుంది" అంటారు అంగడివాళ్ళు. కొంత నిజమే. కానీ పీయూ ఒక చోట పెచ్చు లేచిందంటే తేమ దాని కిందికి పోతుంది, అప్పుడు మొత్తం గీకాల్సిందే. నూనె కట్టు వెలిసిన చోట మళ్ళీ రెండు చుక్కలు రుద్దుకుంటే సరి. సైన్యంలో లీ-ఎన్‌ఫీల్డ్ కట్టెలకి పచ్చి అవిసె నూనే రాసేవారు. వానలో, బురదలో నానిన తుపాకులవి! మనదేమో ఎన్నికలప్పుడు స్టేషన్‌కి పోయి రావడమే పెద్ద ప్రయాణం. (2019లో మన లోక్‌సభ ఎన్నిక ఏప్రిల్‌లో రద్దయి ఆగస్టు 5న జరిగింది. మా తుపాకికి ఆ ఏడు రెండు ప్రయాణాలు.)

ఇంట్లో చేసుకుంటే ఐదారు వందల్లో తేలిపోతుంది. ముందు తూటా లేదని రెండుసార్లు చూసుకోండి. శుభ్రం చేసేప్పుడు విడదీసినట్టే గొట్టాలు తీసి బీరువాలో పెట్టి తాళం వేయండి. మిగిలిన ఇనుముకి టేపు చుట్టండి. స్క్రూల జోలికి, నంబరు జోలికి పోవద్దు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మరమ్మతు లైసెన్సున్నవాళ్ళ పని. మనది కట్టె పైపూత వరకే. లైసెన్సు ఎవరి పేరున ఉందో వాళ్ళ చేతుల్లోనే ఈ పని జరగాలి. పిల్లకాయలకి అప్పజెప్పకండి.

దూదిని స్పిరిట్‌లో ముంచి ఒక మూల రుద్దండి. జిగురుగా వచ్చిందంటే పాతది లక్క పాలిష్. అట్లాగే మొత్తం తుడిచేయొచ్చు, గీకే పనే లేదు. సొట్టలుంటే తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె కొసతో ఒక్క క్షణం అద్దండి. ఆవిరికి పీచు ఉబ్బి చాలావరకు పైకొస్తుంది. విరిగిన పీచుకి ఇది పనిచేయదు, దాన్నట్లా వదిలేయండి. తర్వాత 320 నంబరు ఉప్పుకాయితం, చేత్తో, నార పోయే వైపుకే. గళ్ళ మీద కాయితం తగలనివ్వకుండా పాత పళ్ళ బ్రష్‌తో తోమండి.

అవిసె నూనె మొదటిసారి సగం టర్పెంటైన్ కలిపి పట్టించండి. తర్వాత నూనె ఒక్కటే, అరచేతిలో నాలుగు చుక్కలేసి వేడెక్కేదాకా రుద్దాలి. పావుగంటకి మిగిలింది తుడిచేయాలి. బద్ధకించారో, బంకలా అయిపోతుంది. పూతకీ పూతకీ కనీసం ఒక రోజు, ముసురు రోజుల్లో రెండు మూడు. ఆరేడు పూతలు పడితే చాలు.

నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి! నీళ్ళలో ముంచండి, లేదా బయట పరిచి ఆరేయండి.

ఇక "ఇంట్లో తుపాకెందుకు, అప్పజెప్పేయ్" అనే బంధువుల మాట. అది వాళ్ళిష్టం. పోయినవాళ్ళ లైసెన్సు వారసులు తమ పేర అడగడానికి 2016 ఆయుధాల నియమాల్లో దారుంది. అడగాలో వద్దో తేల్చుకునేలోగానే కట్టె గీకించి పెట్టకండి.

నా దగ్గర అవిసె నూనె అర సీసా మిగిలుంది. గుడియాత్తం పక్కకొచ్చేవాళ్ళు పట్టుకుపోండి.