సందులు పూడ్చకండి

మన కాలేజీలో అక్వేరియం పిచ్చి ఉన్నవాళ్లు బాగానే ఉన్నారు. గోల్డ్‌ఫిష్ తొట్టితో మొదలుపెట్టి ఉప్పునీళ్ల రీఫ్ ట్యాంకు దాకా వెళ్లినవాళ్లూ ఉన్నారు. రీఫ్ ట్యాంకు అనగానే అందరూ అడిగేది ఒక్కటే: "రాళ్లు దేనితో అతికించాలి?" నా ఉద్దేశంలో అది రెండో ప్రశ్న. మొదటిది, "ఎక్కడెక్కడ అతికించకుండా వదిలెయ్యాలి?"

మాది సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరం. 2016లో నగదు రహిత గ్రామంగా పేపర్లకెక్కిన ఊరు అంటే కొందరు గుర్తుపడతారు. నాకు మాత్రం మా ఊరంటే ముందు గుర్తొచ్చేవి ఇంటింటికీ ఉన్న ఇంకుడు గుంతలు. అడుగున పెద్ద రాళ్లు, వాటిపైన చిన్నవి, ఆపైన ఇసుక. రాళ్ల మధ్య సిమెంటు ఉండదు. సందు లేకపోతే నీళ్లు ఎటు పోతయ్ అని మా ఊళ్లో ఎవరైనా అడుగుతారు. గుంత నింపేది రాళ్లతోనే గానీ, పని చేసేది వాటి మధ్య ఉన్న ఖాళీ.

రీఫ్ ట్యాంకులోనూ అంతే. చేపల వ్యర్థాల నుంచి అమ్మోనియా పుడుతుంది. రాళ్ల మీద పెరిగే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఆక్సిజన్ సరిగా అందని లోపలి రంధ్రాల్లో ఇంకో రకం బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా మారుస్తుంది. అంటే మనం అందం కోసం పెట్టామనుకునే రాయి నిజానికి ఫిల్టరు. సందుల్లో పుట్టీ మెత్తి గోడలా కట్టేస్తే నీళ్లు అటూ ఇటూ తిరగవు, వెనక మూలల్లో చెత్త పేరుకుంటుంది.

"మరి పడిపోవా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. రాయి జారితే అద్దం పగులుతుంది, చేపలు చస్తాయి. అందుకే నేను జిగురు వద్దనట్లేదు, చివర్లో వాడమంటున్నా. ముందు పొడిగా పేర్చండి. ఇసుక పోయకముందే అడుగు రాళ్లు పెట్టండి, లేకపోతే తవ్వే చేపలు వాటి కిందే గొయ్యి తీస్తాయి. ప్రతి రాయీ మూడు చోట్ల ఆనాలి. వేలితో నెట్టినా కదలకుండా ఉంటే, అప్పుడు ఆ ఆనిన చోట్ల మాత్రమే అతికించండి.

ఇక్కడ మన మొదటి సంవత్సరం మెకానిక్స్ పనికొస్తుంది. 10 కిలోల రాయి 5 లీటర్ల నీటిని తొలగిస్తే, నీళ్లలో దాని బరువు సుమారు 5 కిలోలే. కానీ నీళ్లు మార్చేటప్పుడు పై రాయి బయటపడితే మొత్తం బరువు అతుకు మీదే పడుతుంది. అతుకు ఆ రోజుకి సరిపోవాలి.

జిగురు సంగతికొస్తే, సూపర్ గ్లూ జెల్ తేమ తగలగానే పట్టేస్తుంది గానీ పెళుసు, పెద్ద సందుకి పనికిరాదు. ఎపాక్సీ పుట్టీ సందు నింపుతుంది గానీ తడి రాయికి సరిగా అంటుకోదు. పుట్టీకి రెండువైపులా జెల్ రాసి నొక్కితే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. సిమెంటు బలమైనదే, కానీ క్షారం వదులుతుంది. రీఫ్‌కి కావలసిన పీహెచ్ 8.1 నుంచి 8.4. అందుకే సిమెంటు పెట్టిన రాళ్లని మంచినీళ్లలో నానబెట్టి, పీహెచ్ పెరగడం ఆగేదాకా నీళ్లు మారుస్తూ ఉండాలి. రాయి బయటికి పొడుచుకొచ్చేలా కావాలంటే రంధ్రం వేసి యాక్రిలిక్ కడ్డీ దించండి. ఇనుప చువ్వ మాత్రం వద్దు. ఉప్పునీళ్లకి తుప్పు పట్టి, ఉబ్బి, రాయిని లోపల్నుంచి చీలుస్తుంది. సముద్రం ఒడ్డు బిల్డింగుల్లో పెచ్చులూడేది ఇందుకే.

ఇంత తంటా ఎందుకు, బీచ్‌కి వెళ్లినప్పుడు నాలుగు పగడపు ముక్కలు తెచ్చుకుంటే పోదా అనేవాళ్లున్నారు. పోదు. రీఫ్ కట్టే పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, పులి ఉన్న జాబితా అది. చట్టం పక్కన పెట్టినా, సముద్రంలో చేపపిల్లలు దాక్కునేది ఆ పగడాల సందుల్లోనే. అక్కడ ఇల్లు కూల్చి ఇక్కడ గాజుపెట్టెలో బొమ్మ ఇల్లు కట్టడం ఇంజనీరింగ్ ఎలా అవుతుంది? డ్రై రాక్‌తో, ఓపికతో కట్టిందే మన సొంతం.

రాళ్లు పేర్చడం అయ్యాక, నీళ్లు పోసేముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. గదిలో లైటు ఆపి, ట్యాంకు వెనక నుంచి ఫోన్ టార్చి వేయండి. రాళ్ల మధ్య నుంచి అక్కడక్కడ వెలుతురు ముందుకొస్తే నీళ్లూ వస్తాయి. రాకపోతే మీరు కట్టింది గోడ. జిగురు ఇంకా ఆరలేదు కాబట్టి ఊడదీయండి.